పద్నాలుగు సెకన్లు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. డైరెక్టరమ్మ వరస వేరు. ఆమె సినిమా ఐదు పరాయి ఊళ్ల ఫెస్టివల్స్‌లో ఆడి, మూడు బహుమతులు తెచ్చుకుని, పదకొండు సమీక్షలు రాయించుకుని, ఆ తర్వాత గానీ సొంత ఊరి తెర ముఖం చూడబోవడం లేదు. ముందు రచ్చ గెలిచేసింది. ఇల్లు ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

డైరెక్టరమ్మ అన్నది వాళ్ల పిన్ని పెట్టిన పేరు. వెక్కిరించడానికే పెట్టింది. ముప్ఫై ఏడేళ్లొచ్చాక బ్యాంకు ఉద్యోగం వదిలేసి కెమెరా పట్టుకున్న పిల్లని మరేమని పిలవాలి? మొదటి బహుమతి ఇంటికొచ్చిన రోజు నుంచి మాత్రం అదే పేరుని కాస్త సాగదీసి, పక్క ఫ్లాట్‌లోకి వినపడేలా పిలవడం మొదలుపెట్టింది. డైరెక్టరమ్మ కూడా పలకడం మొదలుపెట్టింది.

సినిమా పేరు ‘ఆరంతస్తులు’. కథ పెద్దదేం కాదు. ఒక పాత బిల్డింగు, అందులో అంతకంటే పాత లిఫ్టు. సోమవారం ఆ లిఫ్టు పీకేసి కొత్తది పెడతారు. భార్య పోయిన ఒక ముసలి మెకానిక్కు, ఆదివారం పూట ఎవరూ అడక్కుండానే వచ్చి దాన్ని చివరిసారి బాగుచేస్తాడు. ఎందుకు చేస్తాడో చెప్పడు. డెబ్భై రెండు నిమిషాలు.

ఆ మెకానిక్కుగా చేసింది ఆమె బాబాయే. నటుడు కాదు, నిజం మెకానిక్కే. ముప్ఫై నాలుగేళ్లు లిఫ్టుల కడుపుల్లో బతికి, నిరుడే రిటైరయ్యాడు. పిన్ని బతికే ఉంది, నిక్షేపంగా ఉంది. కథలో పోయిన భార్య ఫొటో కావాల్సొచ్చి ఆవిడ ఫొటోనే వాడేశారు. “బతికుండగానే నన్ను గోడకెక్కించారు. నేను చచ్చిపోయిన సినిమాకి నేనెందుకొస్తానమ్మా?” అని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఏ ఫొటో వాడాలో ఎంచి ఇచ్చింది మాత్రం తనే, సన్నగా ఉన్నప్పటిది.

నటించమని అడిగిన రోజు బాబాయ్ నవ్వాడు. “నటించడం నాకు రాదు. పని చెయ్యమంటే చేస్తా. నువ్వు తీసుకో. కానీ ఒక్క మాట. నా పని మాత్రం తప్పుగా చూపించకూడదు.”

“నీ పని తప్పుగా చూపిస్తే నన్నడుగు బాబాయ్!” అంది డైరెక్టరమ్మ. ధీమాకి ఆమె దగ్గర ఏనాడూ కొరత లేదు.

ఇప్పుడా పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే వచ్చింది. లిఫ్టు నడిపే యంత్రం పైన, మేడ మీద గదిలో ఉంటుంది. బాగుచెయ్యాల్సింది చాలాసార్లు అడుగున, గొయ్యిలో ఉంటుంది. మధ్యలో ఆరంతస్తులు. కింద మనిషి ఉన్నాడని తెలియక పైన ఏ పుణ్యాత్ముడో మెయిన్ స్విచ్ వేశాడా, ఇక చెప్పేదేముంది! అందుకని గొయ్యిలోకి దిగేవాడు ముందు పైకి పోవాలి. మెయిన్ ఆపాలి. దానికి తాళం వెయ్యాలి. ఆ తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. సొంత అన్న అడిగినా ఇవ్వకూడదు. మెట్లన్నీ దిగి కిందికొచ్చి, గొయ్యి అంచున నిలబడి, చొక్కా జేబు మీద రెండుసార్లు తట్టి చూసుకోవాలి. అప్పుడు దిగాలి. బాబాయ్ తన దగ్గర పని నేర్చుకున్న నలభై మందికీ మొదటి నెలంతా ఇదొక్కటే నేర్పించాడు. పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

బాబాయ్‌తో కలిసి పనిచేసినాయన ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ ఇద్దరూ జంటగానే వెళ్లేవాళ్లు కాబట్టి అందరూ ఆయన్ని జోడీ అనే పిలుస్తారు. పాతికేళ్ల కింద ఒక హడావుడి రోజున జోడీ తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి దిగాడు. వాచ్‌మన్ మంచివాడే. ఐదో అంతస్తావిడ లిఫ్టు కావాలని అరిస్తే, పని అయిపోయిందనుకుని తాళం తీసి స్విచ్ వేశాడు. జోడీ కుడిచేతికి ఇప్పుడు రెండే వేళ్లు.

షూటింగ్‌లో బాబాయ్ ఇదంతా పొల్లుపోకుండా చేశాడు. అదే షాట్ ఇరవయ్యొక్కసార్లు తీస్తే ఇరవయ్యొక్కసార్లూ మేడెక్కి నిజంగానే తాళం వేసొచ్చాడు. “ఉత్తినే వేసినట్టు చెయ్యి బాబాయ్, కరెంటు ఎలాగూ లేదు” అంటే, “ఉత్తినే దిగితే ఉత్తినే పోతా” అన్నాడు. మెట్లెక్కలేక కెమెరామన్‌కి జ్వరమొచ్చింది.

ఎడిటింగ్ దగ్గర చిక్కొచ్చింది. ఎడిటర్ ఆమె పాత స్నేహితుడు. కోయడమే గానీ కలపడం తెలియదని అతనికి కత్తెర అని పేరు. “మీ హీరో పైకెళ్తాడు, కిందికొస్తాడు, మళ్లీ పైకెళ్తాడు. ఇది లిఫ్ట్ సినిమానా, మెట్ల సినిమానా?” అన్నాడు కత్తెర. తాళం షాట్ పద్నాలుగు సెకన్లు. అది తీసేస్తే బాబాయ్ నేరుగా గొయ్యి అంచుకొస్తాడు, ఛాతీ మీద రెండుసార్లు తట్టుకుంటాడు, చీకట్లోకి దిగిపోతాడు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. బాబాయ్ పెట్టిన షరతు ఆమెకి ఆ క్షణాన గుర్తొచ్చింది. రాలేదంటే అబద్ధం. ‘ఒక తాళం సంగతే కదా, ఎవరు చూడొచ్చారు’ అనుకుని ఊఁ అంది.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనేవాళ్లు ఉంటారని ఆమెకి తెలుసు గానీ, ఇంతమంది ఉంటారనుకోలేదు. మొదటి ఫెస్టివల్లో ఒక జ్యూరీ సభ్యురాలు, ఆ ఛాతీ తట్టుకోవడం చూసి ఏడ్చేశానని వేదిక మీదే చెప్పింది. రెండోచోట బాబాయ్‌కి ఉత్తమ నటుడు ఇచ్చారు, “మాటల్లేని దుఃఖానికి” అని రాసి మరీ. మూడోచోట సినిమాకే ఇచ్చారు. ఇక వీళ్ల ఊరి పెద్ద విమర్శకుడు, కళ్లజోడు ముక్కు మీద కంటే నుదుటి మీదే ఎక్కువ ఉండే పెద్దమనిషి, పరాయి ఊళ్లో చూసొచ్చి పత్రికలో సగం పేజీ రాశాడు. “ఆ చెయ్యి గుండె మీదికి రెండుసార్లు వెళ్తుంది. ఒకటి పోయిన భార్య కోసం. రెండోది తన కోసం. ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషి మాత్రమే అలా చీకట్లోకి దిగగలడు.” ఆ వాక్యాన్ని ఆమె పోస్టర్ మీద వేయించింది. ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ లోపల ఒక మూల ముల్లు గుచ్చుకునేది. ముల్లుంది గదా అని పోస్టర్ చింపుకోలేదు.

అలాంటి సమయంలో సొంత ఊరి ఫెస్టివల్ వాళ్లు సినిమాని పోటీకి తీసుకున్నారు. అక్కడ గెలిచిన సినిమా నలభై థియేటర్లలో విడుదలవుతుంది. ఆమెకి కావలసింది అదే. ఇన్నాళ్లూ ఆ సినిమా చూసింది జ్యూరీలు, విమర్శకులు, తనలాంటి ఇంకో పాతికమంది డైరెక్టర్లు. మామూలు మనుషులు, పని ముగించుకుని చెప్పులు విడిచి కాళ్లు చాపుకుని సినిమా చూసే మనుషులు ఒక్కరూ చూడలేదు. గెలుస్తుందని అందరూ అన్నారు. ఆమె కూడా అనుకుంది.

ప్రదర్శనకి రెండు వారాల ముందు, ఒక ఆదివారం పొద్దున ఎడిటింగ్ రూములో బాబాయ్‌కి ముందుగా చూపిద్దామనుకుంది. ఆయన జోడీని వెంటేసుకొచ్చాడు. ఇద్దరూ లిఫ్టులో వచ్చారు. తలుపు మూసుకోవడం అర సెకను ఆలస్యమవుతోందని వాచ్‌మన్‌కి చెప్పి మరీ వచ్చారు. లిఫ్టుండగా మెట్లెక్కేవాణ్ణి చూస్తే బాబాయ్‌కి మండుతుంది, తన వృత్తిని అవమానించాడంటాడు.

సినిమా మొదలైంది. తన ముఖం అంత పెద్దగా చూసుకుని బాబాయ్ కాస్త సిగ్గుపడ్డాడు. భార్య ఫొటో దగ్గర జోడీ పకపకా నవ్వాడు. గొయ్యి అంచు వచ్చింది. తెర మీద బాబాయ్ ఛాతీ తట్టుకుని దిగాడు. గదిలో బాబాయ్ ముందుకి వంగాడు.

“తాళం ఏది?”

కత్తెర సినిమా ఆపాడు.

“తాళం వెయ్యకుండా దిగానేంటి నేను?” అన్నాడు బాబాయ్. కోపంగా కాదు, పొరపాటున ఏదో రీలు మిస్సయిందేమో అన్నట్టు అడిగాడు.

డైరెక్టరమ్మ గబగబా చెప్పడం మొదలుపెట్టింది. వేగం గురించి చెప్పింది, లయ గురించి చెప్పింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వాటికి కూడా జవాబులు చెప్పింది. చివరికి పెద్ద విమర్శకుడు రాసిన సగం పేజీ తీసి చదివి వినిపించింది. గుండె, భార్య, దుఃఖం, అన్నీ.

“గుండేంటి? అది జేబు కదా!” అన్నాడు బాబాయ్.

“సరిగ్గా గుండె మీద జేబు కుట్టడం టైలరు తప్పు” అన్నాడు జోడీ. ఆ గదిలో ఆయనొక్కడికే నవ్వొచ్చింది.

బాబాయ్ ఆగిపోయిన తెరకేసి చూశాడు. “చూడమ్మా, నాకివేవీ తెలియవు. నీకు బహుమతులొచ్చాయి, సంతోషం. కానీ రేపు మనూళ్లో వేస్తే నా దగ్గర నేర్చుకున్న నలభై మందీ వస్తారు. ముందు వరసలో కూర్చుంటారు. గురువుగారు తాళం వెయ్యకుండా దిగాడేంట్రా అనుకుంటారు. అనుకుంటే అనుకోనీ, తలవంపు నాకే కదా, పడతాను. కానీ వాళ్లలో ఒక్కడు, ఒకే ఒక్కడు, తొందర్లో ఉన్నరోజున, ఆయనే దిగాడు కదా నాకేంటి అని దిగాడనుకో. అప్పుడేం చేద్దాం?”

ఆమె ఆ సగం పేజీని మడిచి పక్కన పెట్టింది.

“నీ సినిమా నీ ఇష్టం. మార్చమని నేను చెప్పను. చూడ్డానికి మాత్రం రాను” అని లేచాడు. జోడీ వెనకే లేచాడు. పనిచేస్తున్న లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది. బాబాయ్ దాని పక్కనుంచి నడిచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు విన్నాక ఆమెకి సిగ్గేసింది. పట్టపగలు, కత్తెర ఎదురుగా, చెవులదాకా సిగ్గేసింది. ఆయన మొత్తానికి అడిగింది ఒక్క మాట. డబ్బడగలేదు, పేరడగలేదు. ఆ ఒక్క మాటనీ తను పద్నాలుగు సెకన్లకి అమ్ముకుంది. పైగా దాని మీద బహుమతులు కూడా తీసుకుంది. తప్పని ఒప్పుకోవడానికి ఆమెకి ఒక గంట, రెండు టీలు పట్టాయి. ఒప్పుకున్నాక ఇక ఊగిసలాడలేదు, అది ఆమె స్వభావంలోనే లేదు.

“ఆ తాళం షాట్ మళ్లీ పెట్టు” అంది.

కత్తెర కుర్చీ తిప్పాడు. “పిచ్చా నీకు? మూడు బహుమతులొచ్చింది ఆ గుండె మీదే. తాళం చూపించావంటే, ఏముందక్కడ? ముసలాయన తాళంచెవి ఉందో లేదో చూసుకున్నాడు. అంతే! గుండె పోయి జేబు మిగుల్తుంది.”

“గుండె ఎక్కడికీ పోదు. జేబు కిందే ఉంటుంది. పెట్టు.”

అరగంటలో పనైపోయింది. కత్తెర తిట్టుకుంటూనే పెట్టాడు గానీ, పెట్టాక రెండుసార్లు చూసి, “ఫర్వాలేదు” అన్నాడు. అతని నోట ఆ మాట రావడం నాలుగో బహుమతితో సమానం.

ఫెస్టివల్ ఆఫీసులో నిర్వాహకురాలు మంచావిడ, నిబంధనల విషయంలో మాత్రం ఇనుము. కమిటీ చూసి ఎంపిక చేసిన ప్రతినే పోటీలో వెయ్యాలి. ఒక్క షాట్ మారినా అది వేరే సినిమా కింద లెక్క.

“పద్నాలుగు సెకన్లు ఎవరు గమనిస్తారండీ? నాకు చెప్పకుండా ఉంటే సరిపోయేదిగా!” అంది ఆవిడ, నిజంగానే బాధపడుతూ.

“ఎవరు గమనిస్తారులే అనే మొదట కోశాను. గమనించాల్సినాయన గమనించాడు” అంది డైరెక్టరమ్మ.

“పోటీ నుంచి తీసెయ్యాల్సొస్తుంది. ఆదివారం ఉదయం పదింటికి చిన్న హాల్లో, పోటీకి బయట, ఒక ఆట ఇవ్వగలను. అంతకుమించి నా చేతిలో లేదు.”

కాగితం ముందుకి జరిపింది. పెన్ను పట్టుకున్నాక డైరెక్టరమ్మ చెయ్యి ఆగింది. నలభై థియేటర్లు. మూడేళ్ల కష్టం. ఇదేదో సులువుగా చేసిందని ఎవరూ అనుకోవద్దు. సంతకం పెట్టాక కూడా ఆ కాగితం వైపే చాలాసేపు చూసింది.

ఇంటికెళ్లేసరికి బాబాయ్ పాత ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు. పిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి వినసాగింది.

“తాళం వేశాను బాబాయ్.”

బాబాయ్ స్క్రూ బిగిస్తూ అడిగాడు. “తాళంచెవి?”

“నీ జేబులోనే.”

“ఎవరికీ ఇవ్వలేదుగా?”

“ఎవరికీ ఇవ్వలేదు. పోటీలోంచి తీసేశారు.”

అప్పుడు తలెత్తాడు. “నావల్లేనా?”

“నావల్ల. కోసింది నేను కదా.”

బాబాయ్ ఇస్త్రీపెట్టె మూత పెట్టి, ప్లగ్గు పెట్టి, ఎర్ర లైటు వెలిగేదాకా చూశాడు. “ఏమేవ్, నా తెల్ల చొక్కా ఇటు తీసుకురా. ఆదివారం సినిమాకెళ్లాలి” అని వంటింటివైపు కేకేశాడు. అంతకుమించి ఆయన క్షమించానని చెప్పలేదు. ఆమెకి అది చాలు.

ఆదివారం పొద్దున చిన్న హాలు ముందు నలభై మంది మెకానిక్కులు దిగారు. హాలు మూడో అంతస్తులో ఉంది. ఆ బిల్డింగు లిఫ్టుకి ఆ రోజు జరిగిన పరీక్ష దాని జన్మలో జరిగి ఉండదు. ఒకడు తలుపు సందు చూస్తాడు, ఒకడు చెవి ఆనించి మోటారు వింటాడు, ఇంకొకడు మూడో అంతస్తు బటన్ నొక్కి చేతి గడియారం చూస్తాడు. నిర్వాహకురాలు కంగారుపడి ఏమైందని అడిగితే, “ఏం లేదమ్మా, లిఫ్టు కనిపిస్తే మా వాళ్లు ఊరుకోలేరు” అన్నాడు జోడీ. పిన్ని కూడా వచ్చింది. “నా చావు నేనే చూడ్డానికొచ్చాను” అని కనపడిన ప్రతివాళ్లకీ చెప్పింది. పెద్ద విమర్శకుడు నుదుటి మీద కళ్లజోడుతో వచ్చి రెండో వరస చివర కూర్చున్నాడు. సినిమా అయ్యాక బాబాయ్‌తో వేదిక మీద మాట్లాడాల్సింది ఆయనే.

లైట్లు ఆరాయి. డైరెక్టరమ్మ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఈ సినిమాని ఆమె మూడొందలసార్లు చూసి ఉంటుంది. ఎక్కడ దగ్గుతారో, ఎక్కడ కాలు కదుపుతారో, ఎక్కడ వాచీ చూసుకుంటారో తెలుసు. తాళం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్త సినిమా చూస్తున్నట్టు గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది.

తెర మీద బాబాయ్ మేడెక్కాడు. మెయిన్ దించాడు. తాళం వేశాడు, లాగి చూశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగాడు. గొయ్యి అంచున నిలబడ్డాడు. తెర మీద ఆయన చెయ్యి ఇంకా లేవలేదు. హాల్లో మాత్రం చప్పుడైంది. టప్, టప్. నలభై చేతులు, నలభై జేబుల మీద. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఎవరివైపూ చూడలేదు. అలవాటైన చేతులు వాటంతటవే లేచాయి. ఆ తర్వాత తెర మీద బాబాయ్ తట్టుకుని, దిగాడు.

డైరెక్టరమ్మకి కళ్లవెంట నీళ్లు కారాయి. ఇన్ని ఊళ్లు తిరిగింది, ఇన్ని చప్పట్లు విన్నది. ఇలాంటి చప్పుడు వినలేదు. నలభై థియేటర్లు ఆమెకి ఆ నిమిషాన గుర్తు కూడా రాలేదు.

సినిమా అయ్యాక బాబాయ్‌ని వేదిక మీదికి పిలిచారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు కత్తుల్లా ఉన్నాయి. పెద్ద విమర్శకుడు మైకు తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

“నేనీ సినిమా ఇంతకుముందు చూశాను, రాశాను. ఆ చెయ్యి గుండె మీదికెళ్తే పోయిన భార్య గుర్తొచ్చిందనుకున్నాను. ఇవాళ చూస్తే అక్కడ తాళం ఉంది. మీరే చెప్పండి, ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?”

“మనసులో ఏముంటుందండీ? జేబులో తాళంచెవి ఉందో లేదో చూసుకున్నాను” అన్నాడు బాబాయ్.

“భార్య గుర్తు రాలేదా?”

“నేను బతికే ఉన్నానండీ!” అంది పిన్ని నాలుగో వరసలోంచి. హాలు గొల్లుమంది. విమర్శకుడు కూడా నవ్వాడు. కానీ మనిషి వదిలే రకం కాదు. “అయితే, అంతేనంటారా? ఉత్త తాళంచెవేనా?”

బాబాయ్ మైకు రెండు చేతులా పట్టుకుని ముందు వరసలోకి చూశాడు. జోడీకి అర్థమైంది. కూర్చున్నచోటి నుంచే కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. రెండు వేళ్లు. నవ్వులు ఆగిపోయాయి.

“ఉత్త తాళంచెవేనండీ. వాడు ఒక్కరోజు చూసుకోలేదు. నేను రోజూ చూసుకున్నాను. అందుకే ముప్ఫై నాలుగేళ్లూ, ఏ పూటకాపూట, సాయంత్రానికి ఇంటికెళ్లాను.”

ఆయన అలా అని మైకు తిరిగి ఇచ్చేశాడు. నాలుగో వరసలో పిన్ని ఏదో అనబోయి, ఆ రోజుకి మొదటిసారి, ఏమీ అనలేకపోయింది.